బేగంపేట గాజు పలకలు, వ్యాకోచించే విశ్వం: తెలుగు నేల మీద ఖగోళ పరిశోధన

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:

• విశ్వం వ్యాకోచిస్తోందని నిరూపించడానికి ఏ రెండు కొలతలు అవసరమో, అవి ఎలా వచ్చాయో;
• 1868లో గుంటూరులో జరిగిన సూర్యగ్రహణ పరిశీలనకు ఖగోళ శాస్త్ర చరిత్రలో ఉన్న స్థానం;
• హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల ఏ పనిని చేపట్టింది, ఆ పనికి అప్పుడూ తరువాతా ఉన్న విలువ;
• ఒక శాస్త్ర కృషి 'పాతబడిపోయింది' అని చెప్పే ముందు చరిత్రకారుడు ఏమేమి చూడాలో.

1. పరిచయం

విశ్వం వ్యాకోచిస్తోంది అన్న మాట మీరు ఇంటర్మీడియట్ స్థాయిలోనే విని ఉంటారు. గెలాక్సీలు ఒకదాని నుంచి ఒకటి దూరమవుతున్నాయి, దూరంగా ఉన్నది మరింత వేగంగా దూరమవుతోంది అని పుస్తకాలు చెబుతాయి. ఆ వెంటనే అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాల పేరు, ఎడ్విన్ హబుల్ పేరు, 1929 అనే సంవత్సరం కనిపిస్తాయి. చదివిన విద్యార్థికి ఇదంతా ఎక్కడో జరిగిన కథ, మనకు సంబంధం లేనిది అనిపిస్తుంది.

ఆ అభిప్రాయాన్ని ఈ పాఠంలో కొంచెం సరిచేసుకుందాం. తెలుగు నేల మీద ఎవరో విశ్వ వ్యాకోచాన్ని ముందే కనుక్కున్నారని దీని అర్థం కాదు. అలాంటి మాటలకు చరిత్రలో ఆధారం లేదు. కానీ ఆ నిర్ణయం రెండు రకాల కొలతల మీద నిలబడింది. గెలాక్సీ ఎంత వేగంగా పోతోంది అనేది మొదటిది. అది ఎంత దూరంలో ఉంది అనేది రెండోది. మొదటి కొలతకు సాధనమైన వర్ణపట పరిశీలన తొలినాళ్లలో సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి గుంటూరులో జరిగింది. రెండో కొలతకు అడుగున ఉన్న మెట్టు నక్షత్ర స్థానాల పట్టిక. ఆ పట్టికలో ఒక పెద్ద భాగం బేగంపేటలో తయారైంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, విశ్వాన్ని గురించిన జ్ఞానం ఎలా పోగవుతుందో మీకు తెలుస్తుంది.

2. గుంటూరు, 1868 ఆగస్టు 18

గుంటూరు గ్రహణానికి ముందే తెలుగు ప్రాంతంలో దూరదర్శినులు ఉన్నాయి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో ఒక వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన మరణించిన తరువాత అంకితం వెంకట నరసింగరావు దాని బాధ్యత తీసుకొని ఎన్నో ఏళ్లు నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిన ఘట్టాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. అంటే ఆకాశాన్ని కొలిచే పని ఇక్కడివారికి కొత్త కాదు.

1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కను మీదుగా, కృష్ణా తీరం మీదుగా సాగి బంగాళాఖాతంలోకి వెళ్లింది. గుంటూరులో సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా కప్పబడ్డాడు. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సన్, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మేజర్ టెన్నెంట్ బృందం గుంటూరుకు వచ్చాయి. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశారు.

వీరి దగ్గర ఉన్న కొత్త పరికరం వర్ణపటదర్శిని. కాంతిని పట్టకం గుండా పంపితే అది రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల్లో కొన్ని నిర్ణీత స్థానాల్లో గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికి దాని గీతలు వేరు. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తుపట్టినట్లు, గీతలను బట్టి మూలకాన్ని గుర్తుపట్టవచ్చు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎర్రని జ్వాలల్లా కనిపించేవి ఏమిటన్నది అప్పటి ప్రశ్న. జాన్సన్ వర్ణపటదర్శినిలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే అవి మండే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు పగటి వెలుగులోనే చూశారు.

ఇక్కడ మీరు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. 'హీలియం గుంటూరులో కనుక్కున్నారు' అనే వాక్యం పోటీ పరీక్షల పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. జరిగింది అంత సులువుగా చెప్పగలిగేది కాదు. ఆ గ్రహణాన్ని చూసినవారికి సోడియం గీతల దగ్గర ఒక పసుపు గీత కనిపించింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూశారు. అది సోడియంది కాదని, భూమి మీద తెలిసిన మరే మూలకానిదీ కాదని క్రమంగా తేలింది. ఆ మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే దాన్ని భూమి మీద గుర్తించే దాకా చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. కాబట్టి గుంటూరు ఆ కథలో ఒక ముఖ్య ఘట్టం, కథ అంతా కాదు.

మన పాఠానికి కావలసినది ఇంతే: ముట్టుకోవడానికి వీల్లేని వస్తువును దాని కాంతిలోని గీతలను బట్టి తెలుసుకోవచ్చని ఆ గ్రహణం రూఢి చేసింది. ఆ గీతలు తమ సహజ స్థానం నుంచి జరిగితే ఏమని అర్థం? మన వైపు వస్తున్న వస్తువు గీతలు నీలం వైపుకు, దూరమవుతున్న వస్తువు గీతలు ఎరుపు వైపుకు జరుగుతాయి. దీన్ని డాప్లర్ ఫలితం అంటారు. వేగాన్ని కొలిచే సాధనం అలా చేతికి వచ్చింది.

3. నిజామియా వేధశాల

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. నిజాం సంస్థానంలోని ప్రముఖుల్లో నవాబు జఫర్ జంగ్ ఒకరు. ఖగోళ శాస్త్రం మీద మక్కువతో ఆయన ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల ఏర్పాటు చేశారు. నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు. నక్షత్రాల ఫొటోలు తీయడానికి 8 అంగుళాల కుక్ దూరదర్శినిని కూడా సమకూర్చారు. 1907లో ఆయన మరణించారు. మరుసటి ఏడాది, 1908లో, ప్రభుత్వం వేధశాలను తన అధీనంలోకి తీసుకుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆర్థర్ చాట్‌వుడ్ సంచాలకుడయ్యారు. వేధశాలను బేగంపేటకు మార్చారు. అప్పట్లో అది ఊరి వెలుపలి ప్రదేశం.

వేధశాలకు ఒక పెద్ద పని కూడా అప్పగింత అయింది. 1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి పటం గీయాలని, సుమారు 11వ తరగతి కాంతి వరకు ఉన్న ప్రతి నక్షత్రం స్థానాన్ని కొలిచి పట్టికగా అచ్చు వేయాలని తీర్మానించారు. (మామూలు కంటికి మంచి చీకట్లో కనిపించేది 6వ తరగతి వరకే. తరగతి సంఖ్య పెరిగేకొద్దీ నక్షత్రం మసకగా ఉంటుంది.) భూమిని అక్షాంశాలుగా విభజించినట్లే ఆకాశాన్ని అడ్డ పట్టీలుగా విభజించి, ఒక్కో పట్టీని ఒక్కో వేధశాలకు పంచారు. మొదట 18 వేధశాలలు ఒప్పుకున్నాయి. అన్నీ పని పూర్తి చేయలేదు. చిలీలోని శాంటియాగో వేధశాలకు ఇచ్చిన పట్టీ అలా మిగిలిపోయింది. ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న ఆ పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. ఈ బృహత్ కార్యంలో పాల్గొన్న ఏకైక భారతీయ వేధశాల నిజామియా.

1914లో చాట్‌వుడ్ తరువాత రాబర్ట్ పోకాక్ సంచాలకుడై ఫొటోల పనిని ముమ్మరం చేశారు. 1918లో ఆయన కన్నుమూశారు. ఆ తరువాత టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకొని 1944 వరకు కొనసాగారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. దక్షిణ పట్టీ ఫొటోలు 1914 నుంచి 1929 వరకు సాగాయి. అది పూర్తవుతుండగానే జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయలేకపోయిన ఉత్తర పట్టీలో ఒక భాగం కూడా ఇక్కడికే వచ్చింది. ఉత్తరంగా 36 నుంచి 39 డిగ్రీల వరకు ఉన్న ఆ భాగాన్ని 1928 నుంచి 1938 మధ్య ఫొటో తీశారు. దక్షిణ పట్టీలో సుమారు 2,93,000, ఉత్తర పట్టీలో సుమారు 1,49,000 నక్షత్రాలు పట్టికకు ఎక్కాయి.

4. ఒక పలక మీద పని ఎలా జరిగేది?

ఈ అంకెల వెనుక ఉన్న శ్రమను మీరు ఊహించుకోవాలి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు రసాయనం పూసిన గాజు పలకను దూరదర్శినిలో అమర్చేవారు. భూమి తిరుగుతుంటే నక్షత్రం జరుగుతుంది కాబట్టి దూరదర్శినిని కూడా అదే వేగంతో తిప్పుతూ నిమిషాల తరబడి కాంతిని పట్టేవారు. ఒక పలక మీద ఆకాశంలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఉన్న ముక్క మాత్రమే పడుతుంది. పలక మీద గళ్లు పడేలా ఒక సన్నని గీతల జాలాన్ని కూడా ముద్రించేవారు. పలకను కడిగి ఆరబెట్టాక మైక్రోమీటరు కింద పెట్టి, ఒక్కో నక్షత్రపు చుక్క దగ్గరి గీతల నుంచి ఎంత దూరంలో ఉందో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి రాసుకునేవారు. ఈ పథకానికి పెట్టుకున్న ప్రమాణం ప్రకారం పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం, అనగా డిగ్రీలో 60వ వంతు. కంప్యూటర్లు లేవు. కొలత చేతితోనే, లెక్క చేతితోనే. ఇలా నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలు.

ఆ పట్టీల్లో ఏముందో మీరే చూడవచ్చు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సాయంత్రం చీకటి పడ్డాక మల్కాజ్‌గిరిలో మీ డాబా ఎక్కి ఉత్తరంవైపు తలెత్తితే, నడినెత్తికి కొంచెం దిగువన తెల్లగా మెరిసే నక్షత్రం అభిజిత్తు. అది ఉత్తర పట్టీలోనిది. మనకు 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. జూన్‌లో దక్షిణం వైపు కనిపించే వృశ్చికరాశిలోని అనూరాధ తారల్లో కొన్ని దక్షిణ పట్టీలోనివి. ఉత్తర పట్టీలోనే ఎం-13 అనే గోళాకార తారాగుచ్ఛం ఉంది. లక్షల నక్షత్రాలు బంతిలా ముద్దకట్టిన ఆ గుచ్ఛం సుమారు 25,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నగర దీపాల వెలుగులో అది మామూలు కంటికి కనిపించదు. ఒక పల్లెకు వెళ్లి చిన్న దూరదర్శినితో చూస్తే మసక మచ్చలా కనిపిస్తుంది.

5. అదే పదిహేనేళ్లలో విశ్వం మారింది

దక్షిణ పట్టీ పని నడిచిన 1914, 1929 సంవత్సరాలను గుర్తుపెట్టుకోండి. ఖగోళ శాస్త్రం అడిగే ప్రశ్నలే సరిగ్గా ఆ పదిహేనేళ్లలో మారిపోయాయి.

అప్పటి దాకా సర్పిలాకారంలో కనిపించే నీహారికలు మన పాలపుంతలోని వాయు మేఘాలా, లేక పాలపుంత లాంటివే వేరే నక్షత్ర వ్యవస్థలా అన్నది తేలలేదు. 1912లో వెస్టో స్లైఫర్ ఆండ్రోమెడా నీహారిక వర్ణపటాన్ని తీశారు. గీతలు నీలం వైపుకు జరిగి ఉన్నాయి. అది సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది. 1914 ఆగస్టులో ఆయన 15 నీహారికల ఫలితాలను ప్రకటించారు. వాటిలో ఎక్కువ భాగం ఎరుపు వైపుకు జరిగాయి. అంటే మననుంచి దూరమవుతున్నాయి. వేగాలు తెలిశాయి, కానీ దూరాలు తెలియవు.

దూరానికి దారి చూపినది హెన్రియెటా లీవిట్. సెఫీడ్లు అనే చరతారల కాంతి కొన్ని రోజుల వ్యవధిలో పెరిగి తగ్గుతుంటుంది. ఈ వ్యవధి ఎక్కువైన కొద్దీ ఆ తార అసలు కాంతి కూడా ఎక్కువని ఆమె 1912లో చూపించారు. వీధి చివరి దీపం 40 వాట్లదో 100 వాట్లదో ముందే తెలిస్తే, అది కనిపించే మసకను బట్టి దూరం చెప్పగలం కదా. సెఫీడ్లు అలాంటి దీపాలు. 1923లో హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను గుర్తించి, అది సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని లెక్కకట్టారు. పాలపుంత అడ్డంగా లక్ష కాంతి సంవత్సరాలు మాత్రమే. కాబట్టి ఆండ్రోమెడా పాలపుంతకు బయట ఉన్న మరొక గెలాక్సీ. 1927లో బెల్జియం శాస్త్రవేత్త జార్జ్ లెమైత్ర్ ఐన్‌స్టీన్ సమీకరణాల ఆధారంగా విశ్వం వ్యాకోచిస్తోందని రాశారు. 1929లో హబుల్ 24 గెలాక్సీల దూరాలను, వేగాలను పక్కపక్కన పెట్టి, దూరం పెరిగేకొద్దీ వేగం పెరుగుతోందని చూపించారు.

దీని భావం అర్థం కావడానికి ఒక వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ తీసుకోండి. దాని మీద అంగుళానికి ఒకటి చొప్పున పెన్నుతో చుక్కలు పెట్టి, రెట్టింపు పొడవుకు సాగదీయండి. మొదటి చుక్క నుంచి చూస్తే అంగుళం దూరంలోనిది రెండు అంగుళాలకు, మూడు అంగుళాల దూరంలోనిది ఆరు అంగుళాలకు జరిగింది. ఏ చుక్క నుంచి చూసినా అంతే. గెలాక్సీలు అంతరాళంలో పరుగెత్తడం లేదు, వాటి మధ్య ఉన్న అంతరాళమే సాగుతోంది. ఆండ్రోమెడా మన వైపు రావడానికి కారణం, దగ్గరి గెలాక్సీల మధ్య గురుత్వాకర్షణ ఈ సాగుదలను మించి పనిచేయడం.

6. దూరమే కష్టమైన కొలత

ఒక చిన్న లెక్క చేద్దాం. హైడ్రోజన్ ఎర్ర గీత సహజ తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. ఒక గెలాక్సీలో అది 662.9 దగ్గర కనిపించింది. తేడా సుమారు నూటికి ఒకటి. కాంతి వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు కాబట్టి ఆ గెలాక్సీ వేగం సెకనుకు సుమారు 3,000 కిలోమీటర్లు. నేటి కొలతల ప్రకారం ప్రతి పది లక్షల పార్సెక్‌ల దూరానికి వేగం సుమారు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. 3,000ను 70తో భాగిస్తే సుమారు 43. అంటే 4 కోట్ల 30 లక్షల పార్సెక్‌లు. ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు కాబట్టి దాదాపు 14 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఇక్కడ 70 అన్నాం. 1929లో హబుల్‌కు వచ్చిన విలువ సుమారు 500. ఆ విలువతో వెనక్కి లెక్క కడితే విశ్వం వయసు 200 కోట్ల సంవత్సరాలే అవుతుంది. రాళ్లలోని రేడియో ధార్మికతను బట్టి భూమి వయసు అంతకంటే ఎక్కువని అప్పటికే తెలుస్తోంది. తల్లికంటే బిడ్డ పెద్దదైనట్లు అయింది. తేడా ఎక్కడ వచ్చింది? గెలాక్సీల వేగాల్లో కాదు, దూరాల్లో. 1952లో వాల్టర్ బాడే సెఫీడ్లలో రెండు రకాలున్నాయని, వాటిని కలిపి లెక్కించడం వల్ల దూరాలు సగానికి తగ్గాయని చూపించారు. ఆ తరువాత మరికొన్ని సవరణలు జరిగాయి. ఆండ్రోమెడా 9 లక్షల నుంచి 25 లక్షల కాంతి సంవత్సరాలకు జరిగింది. విశ్వం వయసు ఇప్పుడు 1,380 కోట్ల సంవత్సరాలు.

దూరపు నిచ్చెనకు మొదటి మెట్టు ఏమిటి? సెఫీడ్ల అసలు కాంతి తెలియాలంటే కొన్ని దగ్గరి సెఫీడ్ల దూరం వేరే పద్ధతిలో తెలియాలి. 1913లో హెర్ట్స్‌స్ప్రుంగ్ ఆ పని చేశారు. ఆయన వాడినది నక్షత్రాల స్వీయ చలనం, అంటే ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశంలో వాటి స్థానం కొద్దికొద్దిగా మారడం. మల్కాజ్‌గిరి స్టేషన్ దాటుతున్న రైలు కిటికీలోంచి చూడండి. పట్టాల పక్కన స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి. మౌలాలి గుట్ట మాత్రం మెల్లగా జరుగుతుంది. సూర్యుడు కూడా నక్షత్రాల మధ్య ప్రయాణిస్తున్నాడు. ఆ ప్రయాణంలో ఎక్కువగా జరిగినట్లు కనిపించే తారలు సగటున దగ్గరివి, తక్కువగా జరిగేవి దూరపువి. ఈ పద్ధతికి కావలసినది ఒకటే: పాత స్థానాలను జాగ్రత్తగా రాసిపెట్టిన పట్టిక.

7. పలకలకు రెండో జీవితం

బేగంపేట పట్టికలు హెర్ట్స్‌స్ప్రుంగ్‌కు గాని హబుల్‌కు గాని అందిన ఆధారాలు కావు. వాళ్ల లెక్కలు వేరే పట్టికల మీద జరిగాయి. నిజానికి ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఈ అంతర్జాతీయ పథకం మొత్తం ఖగోళ శాస్త్రవేత్తలకు భారంగానే కనిపించింది. అచ్చయిన సంపుటాల్లో ఎక్కువ భాగం పలక మీద కొలిచిన దూరాలే ఇచ్చాయి. వాటిని ఆకాశ స్థానాలుగా మార్చుకోవడం శ్రమతో కూడిన పని. సంపుటాలు అల్మారాల్లో ఉండిపోయాయి.

కథ అక్కడితో ఆగలేదు. యూరప్ అంతరిక్ష సంస్థ పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 వరకు నక్షత్రాల స్థానాలను అపూర్వమైన ఖచ్చితత్వంతో కొలిచింది. కానీ స్వీయ చలనం తెలియాలంటే రెండు కాలాల స్థానాలు కావాలి. ఉపగ్రహం పనిచేసినది నాలుగేళ్లలోపే. మసక తారలకు అంత తక్కువ వ్యవధి చాలదు. పాత స్థానాలు ఎక్కడ ఉన్నాయి? అల్మారాల్లోని ఆ సంపుటాల్లో. అమెరికా నౌకాదళ వేధశాల వాటన్నిటినీ కంప్యూటర్‌కు ఎక్కించి, సుమారు 46 లక్షల నక్షత్రాల పట్టికగా కూర్చింది. ఉపగ్రహం ఇచ్చిన కొత్త స్థానాలను ఈ పాత స్థానాలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రాల స్వీయ చలనాలతో టైకో-2 పట్టికను ప్రచురించారు. హైదరాబాద్ దక్షిణ పట్టీ, హైదరాబాద్ ఉత్తర పట్టీ రెండూ అందులో ఉన్నాయి.

దీని విలువను అంకెల్లో చూడండి. ఒక నక్షత్రం ఏడాదికి సెకను కోణంలో నూరో వంతు జరుగుతోందనుకోండి. (సెకను కోణం అంటే డిగ్రీలో 3,600వ వంతు.) పలక మీద అది మిల్లీమీటరులో ఆరు వేల వంతుల్లో ఒకటి. ఏ ఏడాదికా ఏడాది ఎవరూ పట్టుకోలేరు. 80 ఏళ్లు గడిస్తే అది మిల్లీమీటరులో నూరో వంతు దాటుతుంది. అప్పుడు పట్టుకోవచ్చు. ఆ 80 ఏళ్లను ఏ కొత్త పరికరంతోనూ కొనలేం. ముందువాళ్లు కొలిచి రాసిపెట్టి ఉండాలి.

8. రెండు దారులు కలిసిన చోటు

నిజామియా వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఎం.కె. బప్పు కుమారుడు వైను బప్పు. 1927లో మద్రాసులో పుట్టిన ఈ బాలుడు పెరిగింది హైదరాబాద్‌లో, వేధశాల వాతావరణంలో. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1957లో ఆయన, ఓలిన్ విల్సన్ కలిసి ప్రకటించిన ఫలితం 'విల్సన్-బప్పు ఫలితం'గా ప్రసిద్ధి. సూర్యుడి వంటి, సూర్యుడి కంటే చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత మధ్యలో ఒక సన్నని మెరుపు ఉంటుంది. ఆ మెరుపు ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువని వారు చూపించారు. అసలు కాంతి తెలిస్తే దూరం తెలుస్తుంది. అంటే వర్ణపటం నుంచే దూరం. గుంటూరు దారి, బేగంపేట దారి ఇక్కడ కలిశాయి.

ఇంతలో నగరం బేగంపేటను చుట్టేసింది. దీపాల వెలుగు పెరిగి పరిశీలనలు కష్టమయ్యాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1959లో ఖగోళ శాస్త్ర శాఖను ప్రారంభించింది. సంచాలకుడు అక్బర్ అలీ కృషితో 48 అంగుళాల దూరదర్శినికి పునాది పడింది. దాన్ని నగరానికి దూరంగా రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్ దగ్గర 1968 ప్రాంతంలో నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. బేగంపేటలోని పాత వేధశాల కట్టడం నేడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఆవరణలో ఉంది. సికింద్రాబాద్ మీదుగా వెళ్లే విద్యార్థులకు అది ఎంతో దూరం కాదు.

9. చరిత్రకారుడు ఎలా తూచాలి?

నిజామియా పట్టిక గురించి రెండు తీర్పులు వినిపిస్తాయి. అది గర్వకారణం అన్నది ఒకటి. ప్రపంచం గెలాక్సీల వైపు వెళుతుంటే మనవాళ్లు పాత పనిలో చిక్కుకుపోయారు అన్నది మరొకటి. పరీక్షలో ఏదో ఒకటి రాసి వదిలేయకండి. రెండింటినీ ఆధారాలతో తూచండి.

రెండో తీర్పులో నిజం ఉంది. ఒక చిన్న వేధశాల సిబ్బందిలో ఎక్కువ మంది కాలం రెండున్నర దశాబ్దాల పాటు కొలతలకే పోయింది. గ్రబ్ దూరదర్శినితో చరతారలను పరిశీలించారు గాని, వర్ణపట పరిశోధనలో ముందు వరుసలో నిలిచే అవకాశం రాలేదు. అంతర్జాతీయ పథకం పని పంచింది, దానివల్ల వచ్చే కొత్త ప్రశ్నలను పంచలేదు. ఇది చిన్న సంస్థలన్నీ ఎదుర్కొనే ఇబ్బంది.

మొదటి తీర్పులోనూ నిజం ఉంది. శాంటియాగో, పోట్స్‌డామ్ వదిలిన పనిని హైదరాబాద్ పూర్తి చేసింది. ఆ పట్టీలు ఖాళీగా మిగిలి ఉంటే ఆ భాగంలోని నక్షత్రాల పాత స్థానాలను ఈ రోజు ఎవరూ తిరిగి తేలేరు. నక్షత్రం ముందుకు జరిగిపోయింది, అది నిన్న ఉన్న చోటును ఫొటో తీయడం సాధ్యం కాదు. తరువాతి తరం ఏ ప్రశ్న అడుగుతుందో ఆ రాత్రి మేలుకొని పలక మార్చిన ఉద్యోగికి తెలియదు. కొలత సరిగా ఉంటే, ప్రశ్న తరువాత వచ్చినా జవాబు సిద్ధంగా ఉంటుంది.

సారాంశం

విశ్వ వ్యాకోచ సిద్ధాంతానికి వేగం, దూరం అనే రెండు కొలతలు ఆధారం. వేగాన్ని వర్ణపటం ఇస్తుంది. ఆ సాధనం శక్తిని చాటిన సందర్భాల్లో 1868 గుంటూరు గ్రహణం ముఖ్యమైనది. దూరపు నిచ్చెన అడుగున నక్షత్ర స్థానాల పట్టికలు ఉన్నాయి. 1914-1938 మధ్య నిజామియా వేధశాల రెండు పట్టీలను ఫొటో తీసి, నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. అవి 2000 నాటి టైకో-2 పట్టికలో ఉపయోగపడ్డాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 'హీలియం గుంటూరులో కనుక్కున్నారు' అనే వాక్యాన్ని సరైన చారిత్రక వాక్యంగా తిరగరాయండి.
2. హబుల్ తొలి విలువ 500 ఎందుకు అంత ఎక్కువగా వచ్చింది? 5 వాక్యాలలో వివరించండి.
3. ఒక గెలాక్సీలో 656.3 నానోమీటర్ల గీత 669.4 దగ్గర కనిపించింది. దాని వేగాన్ని, దూరాన్ని ఉజ్జాయింపుగా లెక్కించండి.
4. నిజామియా వేధశాల కృషిపై ఉన్న రెండు తీర్పులను చర్చించి, మీ అభిప్రాయాన్ని ఆధారాలతో రాయండి.